పందిరి మంచమా, నులక మంచమా? ముప్పై అయిదేళ్ల కాపురం మీద నాటకం వేస్తున్నాం, సలహాలు కావాలి

పానగల్ మాస్టారు
అందరికీ నమస్కారం. మాది నల్లగొండ. బడి వదిలాక సాయంత్రాలు రిహార్సల్ చేసుకుంటూ ఏడాదికి ఒకటో రెండో నాటికలు ఆడే చిన్న గుంపు మాది, ఇరవై ఏళ్లుగా ఇదే పని. వరకట్నం మీద వేశాం, అప్పుల పాలైన రైతు మీద వేశాం, పరిషత్తులకు పోయి షీల్డులు కూడా తెచ్చుకున్నాం. మొన్న కూర్చొని లెక్క చూసుకుంటే, వీటన్నిటిలో మొగుడూ పెళ్లాం ఇద్దరే ఉండి పది నిమిషాలు మాట్లాడుకున్న సీను ఒక్కటి కూడా లేదు. పెళ్లి చూపులు ఉన్నాయి, పెళ్లి ఆగిపోవడం ఉంది, కోడలిని ఏడిపించడం ఉంది. పెళ్లయిన తర్వాతి ముప్పై ఏళ్లు మాత్రం ఎక్కడా లేవు.

యాన్ డి హార్టోగ్ అనే డచ్ రచయిత రాసిన ‘ద ఫోర్‌పోస్టర్’ చదివాను. రెండే పాత్రలు, ఒకటే పడకగది, మధ్యలో పందిరి మంచం. 1890లో పెళ్లిరాత్రి మొదలై 1925లో ఆ ఇల్లు ఖాళీ చేసి పోవడంతో ముగుస్తుంది. దాన్ని మన నల్లగొండకు మార్చి ఆడాలని ఉంది.

మూడు విషయాల్లో టెన్షన్‌గా ఉంది. ఇరవై ఏళ్ల వయసు నుంచి అరవై దాకా ఒకే జంటతో లాగాలా, లేక రెండు జంటలు పెట్టాలా? మంచం ఏది పెట్టాలి? మూడోది కాస్త సొంత విషయం. నా భార్యను నాతో పాటు వెయ్యమని అడిగాను. ఇప్పటిదాకా స్టేజీ ఎక్కలేదు. పెళ్లయి ఇరవై ఏడేళ్లయింది. “ఆలోచిస్తా” అంది, అంతే. అనుభవం ఉన్న నటిని పిలవడం మంచిదా, ఆమెతోనే వెయ్యడం మంచిదా?

సూర్యాపేట చదువరి
మాస్టారూ, మీ మూడో ప్రశ్నకు ఆ నాటకం చరిత్రలోనే కొంత జవాబుంది. 1951 అక్టోబరులో న్యూయార్క్ బ్రాడ్‌వేలో మొదటిసారి ఆడినప్పుడు ఆ ఇద్దరూ నిజంగానే మొగుడూ పెళ్లాం, హ్యూమ్ క్రోనిన్, జెస్సికా టాండీ. వాళ్ల పెళ్లి 1942లో. 1994లో ఆమె పోయేదాకా కలిసే ఉన్నారు. ఆ నాటకం 632 ఆటలు ఆడింది, 1952లో ఉత్తమ నాటకంగా టోనీ అవార్డు (బ్రాడ్‌వే నాటకాలకు ఇచ్చేది) వచ్చింది. అయితే వాళ్లిద్దరూ అప్పటికే పేరున్న నటులు, అది మర్చిపోవద్దు.

ఇంకొక్క మాట చెప్పాలి. హార్టోగ్ దీన్ని యుద్ధ కాలంలో, జర్మన్లకు దొరక్కుండా ఆమ్‌స్టర్‌డామ్‌లో ముసలమ్మల ఆశ్రమంలో దాక్కొని రాశాడు. బయటికి రావడానికి లేదు. ఉన్నది గది ఒక్కటే, చుట్టూ బతుకంతా గడిపేసిన ఆడవాళ్లు. ఆయన నాటకం గది దాటి బయటికి పోకపోవడానికి ఇది కూడా కారణం అయి ఉంటుందని నాకు అనిపిస్తుంది. మీ నాటకానికి గది ఏది అనేది మీరు తేల్చుకోవాలి.

మన దగ్గర సురభి వాళ్లు ఉండనే ఉన్నారు. 1885 నుంచి కుటుంబాలకు కుటుంబాలే నాటకం. మిగతా కంపెనీల్లో మగవాళ్లు చీర కట్టుకొని ఆడవేషాలు వేస్తున్న రోజుల్లోనే వాళ్ల ఇంటి ఆడవాళ్లు స్టేజీ ఎక్కారు. కాబట్టి భార్యతో వెయ్యడం కొత్త సంగతి కాదు. ఆమె “ఆలోచిస్తా” అంటే ఆలోచించుకోనివ్వండి, రోజూ అడగకండి.

వింగ్ పక్క మనిషి
నాది మిర్యాలగూడ, లైటింగూ మేకప్పూ చూస్తాను. ఒకే జంటతో వెయ్యండి అన్నా. రెండు జంటలు పెడితే జనం రెండో సీనులో సగం సేపు “వీడు వాడేనా” అని పోల్చుకోవడంలోనే పోతారు.

వయసు మార్చాలంటే సీన్ల మధ్య లైట్లు ఆర్పే బ్లాకౌట్‌లో దొరికేది నిమిషం, ఎక్కువలో ఎక్కువ నిమిషంన్నర. అంతలో విగ్గు పెడితే ఒకవైపు లేచి ఉంటుంది, ముందు వరసలో పిల్లలు నవ్వుతారు. ఒక్కో సీనుకు ఒక్కటే మార్చండి. మొదట చెవుల పక్కన తెల్ల రంగు పూత, తర్వాతి సీనులో కళ్లజోడు, ఆ తర్వాత భుజం మీది తువ్వాలు మెడకు చుట్టుకోవడం. ఆమెకు కొప్పు చిన్నగవుతూ రావాలి, చేతి గాజులు తగ్గుతూ రావాలి. ముఖం మీద గీతలు గీసే పని అసలు పెట్టుకోవద్దు, ఫోకస్ పడితే బొగ్గుతో గీసినట్టే కనిపిస్తాయి.

వయసు నడుంలో, మోకాళ్లలో ఉంటుంది. కూర్చునే ముందు చెయ్యి దేని మీద ఆనిస్తాడో అది చూపిస్తే చాలు.

కోస్గి ఆడబిడ్డ
ఇంతవరకు చదివి ఊరుకుందామనుకున్నా, కానీ చెప్పకుంటే నాకు నిద్ర పట్టదు.

సార్, ఆ నాటకంలో ఇద్దరూ ముప్పై అయిదేళ్లు ఒకే గదిలో ఉన్నారు. మా అమ్మానాయినల పెళ్లయి ముప్పై ఎనిమిదేళ్లు. మా నాయిన పదిహేడేళ్ల వయసు నుంచి మేస్త్రీ దగ్గర అడ్వాన్సు తీసుకొని బొంబాయి, పూణే, ఒకసారి గుజరాత్, కాలువల పనికి, బిల్డింగుల పనికి పోయేవాడు. పాలమూరు లేబర్ అంటే ఎవరో అనుకునేరు, మా నాయినే. దసరా అయిపోయాక బొంబాయి బస్సు ఎక్కితే మళ్లీ వానలు పడే ముందు రావడం. మేం పుట్టక ముందు అమ్మ కూడా పోయేది, మట్టి తట్టలు మోసేది. మేం బడికి పోవాలని ఆమె ఊర్లో ఆగిపోయింది. ఒకరోజు నేనూ మా తమ్ముడూ కూర్చొని లెక్క వేశాం. ముప్పై ఎనిమిదేళ్లలో వాళ్లిద్దరూ ఒక ఇంట్లో ఉన్నది మొత్తం కలిపితే పన్నెండేళ్లు కూడా కాలేదు.

మరి దాన్ని కాపురం అనరా? మా జిల్లాలో సగం ఊర్ల కాపురం ఇదే. నాటకంలో ఒక గది, ఒక మంచం, ఇద్దరూ ఎప్పుడూ ఎదురెదురుగా ఉంటే, మా అమ్మ చూసి “మంచిగున్నది” అని లేచిపోతుంది. తనదని అనుకోదు.

దేవరకొండ రాత
అక్కా, మీరు చెప్పింది చదివి కాసేపు ఏమీ రాయలేకపోయాను. కానీ నాటకం రాసేవాడిగా నాకొచ్చే చిక్కు చెప్తాను. మొగుడు ఊర్లో లేకపోతే స్టేజీ మీద ఉండేది ఒక్కతే. ఒక్కతే అయితే అది ఏకపాత్ర అవుతుంది, ఇద్దరి కథ కాదు. ఉత్తరం చదవడం, ఫోన్‌లో మాట్లాడడం పెట్టుకుంటూ పోతే పదిహేను నిమిషాల్లో జనం కదలడం మొదలుపెడతారు. నాటకానికి ఎదురుగా మనిషి కావాలి.

మాస్టారికి ఇంకో సలహా. మన నల్లగొండ కథ అంటున్నారు కాబట్టి, మా దిక్కు మర్రిగూడ, నాంపల్లి, చండూరు ఊర్లల్లో ఫ్లోరైడ్ నీళ్లు తాగిన తరం ఎట్లా ముసలిదయిందో చూడండి. మెడ తిరగదు. పక్కనుంచి పిలిస్తే మనిషంతా తిరగాలి. కింద కూర్చుంటే లేవడానికి ఇంకో మనిషి చెయ్యి కావాలి. నలభై అయిదేళ్లకే అట్లా అయినవాళ్లు మా ఇంటి పక్కనే ఉన్నారు. వింగ్ అన్న చెప్పిన మోకాళ్ల సంగతి మా దగ్గర ఇంకా ముందే మొదలవుతుంది. దీన్ని జాలి కోసం వాడొద్దు, ఆమె పిలిస్తే అతను ఎట్లా తిరుగుతాడు అన్నంత వరకే వాడండి.

కోస్గి ఆడబిడ్డ
దేవరకొండ అన్నా, మీ చిక్కు నిజమే. ఉత్తరాలు పెట్టమని నేను అనడం లేదు. మా అమ్మకు చదువు రాదు, నాయిన ఉత్తరం రాయడు. మనియార్డరు వచ్చేది, దాని కింద రెండు లైన్ల జాగా ఉండేది కదా, అందులో ఎవరితోనో “బాగున్న, పిల్లలు పైలం” అని రాయించేవాడు. పోస్టుమ్యాన్ చదివి చెప్పి పోయేవాడు. తర్వాత ఎస్టీడీ బూత్ వచ్చింది, తర్వాత రూపాయి కాయిన్ బాక్స్, కట్ అయ్యేలోపు మా ముగ్గురికీ తలా ఒక మాట. అమ్మకు చివర్లో ఏం మిగిలేది కాదు. “ఆఁ, సరే” అని పెట్టేసేది.

నేను చెప్పేది ఆయన వచ్చిన రోజు గురించి. స్టేజీ మీద ఆ రోజులే పెట్టండి. వచ్చిన రోజో, పోయే ముందు రోజో. అప్పుడు ఇద్దరూ ఉంటారు, కానీ ఆ ఏడెనిమిది నెలలు కూడా మధ్యలోనే కూర్చొని ఉంటాయి.

మా నాయిన వచ్చిన మర్నాడు పొద్దున్నే చేసే మొదటి పని మంచం బిగించడం. మాది నులక మంచం, అమ్మ పెళ్లికి వాళ్ల నాయిన ఇచ్చింది. ఆయన లేనన్ని రోజులు దాని మీద మేం ముగ్గురం ఎగిరి దూకి జోలె లెక్క చేసేవాళ్లం. అమ్మ ఒక్కతే బిగించలేదు, దానికి ఇద్దరు కావాలి. కాళ్ల దిక్కు తాళ్లు ఒకటొకటి గుంజుకుంటూ పోవాలి. ఆయన పట్టెకు కాలు తన్నిపెట్టి గుంజేవాడు, గుంజిన తాడు మళ్లీ వెనక్కి జారకుండా ఆమె రెండు చేతులతో అదిమి పట్టుకునేది. ఆయన తర్వాతి తాడుకు పోతే ఆమె కూడా చేతులు జరుపుకుంటూ పోయేది. “గుంజు”, “పట్టినవా?”, “ఆఁ”, ఇవి తప్ప మాట ఉండదు. అయిపోయాక చేత్తో కొట్టి చూసేవాడు, డప్పు లెక్క మోగాలి. ఎన్ని నెలల తర్వాత కలిసినా వాళ్లిద్దరూ ముందు చేసిన పని అదే. మా ముందు ఒకరి ముఖం ఒకరు సరిగ్గా చూసుకున్నది కూడా నేనెరుగను.

పందిరి మంచం దొరల గడీల్లో ఉంటుండె సార్. మాకు లేదు.

సూర్యాపేట చదువరి
మాస్టారూ, మీ నాటకానికి గది దొరికింది.

వనపర్తి వకీలు
మధ్యలో చట్టం మాట్లాడుతున్నందుకు ఏమీ అనుకోవద్దు, అవసరం కాబట్టే రాస్తున్నాను. హార్టోగ్ 2002లో చనిపోయాడు. మన కాపీరైట్ చట్టం ప్రకారం రచయిత పోయిన మరుసటి ఏడాది నుంచి అరవై ఏళ్లు హక్కులు ఉంటాయి, అంటే 2062 చివరి దాకా. అనువాదం చేసినా, ఊరు పేర్లు మార్చి మన కథలా ఆడినా, టికెట్ పెట్టి వేసేటప్పుడు హక్కుదారుల అనుమతి తీసుకోవాలి. అయితే పెళ్లయిన ఇద్దరి ముప్పై అయిదేళ్లను సీన్లుగా చూపించడం అనే ఆలోచన ఎవరి సొత్తూ కాదు. ఆయన సీన్లు, మాటలు, మలుపులు తీసుకోకుండా మీ కథ మీరు రాసుకుంటే ఎవరినీ అడగక్కర్లేదు. కోస్గి అక్కయ్య చెప్పింది ఎలాగూ ఆ నాటకంలో లేదు.

గద్వాల కోడలు
అందరూ మంచి మాటలే రాస్తున్నారు, నాకొక భయం ఉంది. మంచం బిగించే సీను చూసి జనం కళ్లు తుడుచుకుంటారు, సరే. కానీ ఎడబాటును అందంగా చూపించి వదిలేస్తే అది అబద్ధం అవుతుంది. మా అత్తమ్మ సంగతి చెప్తా. మా మామ కూడా వలస పోయినాయనే. ఒక ఏడు ఆయన అక్కడ తాగుడుకు అలవాటు పడి పైసా పంపలేదు. ఆ ఎండాకాలం ఆమె పిల్లలను పెట్టుకొని ఎట్లా గడిపిందో ఇప్పటికీ పూర్తిగా చెప్పదు. ఆయన తిరిగొచ్చాక రెండేళ్లు ఆమె ఆయనతో మాట్లాడలేదు. వండి పెట్టింది, బట్టలు ఉతికింది, చేనుకు కలిసే పోయారు, మాట మాత్రం లేదు. ఏం చెప్పాలన్నా పిల్లలతో “మీ నాయినకు చెప్పు” అనేదట. ఆయన పక్కనే ఉన్నా అంతే.

మళ్లీ ఎట్లా మాట్లాడావు అత్తమ్మా అంటే, “బర్రె ఈనుతుండె, ఇంట్ల ఎవలు లేరు, పిలిస్తి” అంది. రెండేళ్ల తర్వాత అదే మొదటి మాట. క్షమించడం, ఏడవడం ఏమీ జరగలేదు. దూడ కాళ్లు బయటికొచ్చి ఇరుక్కుంది, మనిషి కావాలి, పిలిచింది.

ఆమెకు కోపం పోయిందా అని అడిగితే పోలేదనే చెప్తుంది. నలభై ఒక్క ఏళ్లు కాపురం చేసి, ఆయన పోయిన తర్వాత కూడా ఆ ఏడు గురించి ఆమె కోపం అలాగే ఉంది. ఆయన కర్ర మాత్రం దర్వాజ పక్కనుంచి ఎవరినీ తియ్యనివ్వదు. ఈ రెండూ కలిపి రాయగలిగితే రాయండి సార్. ఒక్కటే రాసేటట్టయితే కోపమే రాయండి, కర్ర సంగతి జనానికి ఎలాగూ తెలుసు.

పానగల్ మాస్టారు
నాలుగు రోజులు రాయలేదు, క్షమించండి. మీరందరూ రాసింది రెండుసార్లు ఇంట్లో పైకి చదివాను. పందిరి మంచం వదిలేశాం. సొంతంగానే రాస్తున్నాం, దేవరకొండ తమ్ముడు నాతో కూర్చుంటానన్నాడు.

అయిదు సీన్లు. 1983 నుంచి 2018 దాకా. ప్రతి సీనూ అతను వచ్చిన మర్నాడు పొద్దున, మంచం దగ్గర. మూడో సీనులో ఆమె మాట్లాడదు, అందుకు గద్వాల కోడలమ్మ అనుమతి కావాలి, అత్తమ్మ గారి మాట తీసుకోవచ్చా? ఆ సీనులో కూడా ఆమె తాడు పట్టుకుంటుంది, పిల్లలు పడుకోవాలి కదా. “పట్టినవా?” అంటాడు, జవాబు రాదు. తాడు జారలేదు కాబట్టి పట్టిందని తెలుసుకొని తర్వాతి తాడుకు పోతాడు. ఇది నిన్న రాశాను.

చివరి సీనులో అతని మెడ తిరగదు, గుంజే బలం లేదు. ఆమె గుంజుతుంది, అతను పట్టుకుంటాడు.

ఇంకొకటి. నా భార్య చదివింది. “ఈమె మూడో సీనుల ఎందుకు మాట్లాడతలేదో నాకు తెలుసు” అంది. తర్వాత వంటింట్లోకి పోయింది. రాత్రి అన్నం పెట్టేటప్పుడు వేస్తానని చెప్పింది. నేను ఇంకేమీ అడగలేదు.

గద్వాల కోడలు
అత్తమ్మను అడిగాను. “నా పేరు పెట్టొద్దను, బర్రెను మాత్రం తియ్యొద్దను” అంది.

వింగ్ పక్క మనిషి
అన్నా, బర్రెను స్టేజీ మీదికి తేలేం, శబ్దం నేను చూసుకుంటా. పక్క వింగ్‌లోంచి వినిపిస్తే చాలు.

కానీ మంచం గురించి ఒకటి చెప్పాలి. మొత్తం బిగించాలంటే ఇరవై నిమిషాలు పైనే పడుతుంది, సీనుకు అంత టైం లేదు. ముందే ముప్పావు వంతు బిగించి పెట్టి, చివరి అయిదారు తాళ్లు మాత్రం జనం ముందు గుంజండి. నిజంగానే గుంజాలి, నటించొద్దు. తాడు మీద బలం పడితే పట్టె కిర్రుమంటుంది, ఆ శబ్దం వెనక వరస దాకా పోవాలి, అందుకని మంచం కింద ఒక మైకు పెడతాను. మంచం అడ్డంగా వెయ్యకండి, కాళ్ల దిక్కు జనం వైపు ఉండేలా కొంచెం ఏటవాలుగా వెయ్యండి, చేతులు కనపడాలి. ముఖం మీద లైటు తగ్గించి చేతుల మీద పెంచుతా.

కొత్త నులక కొనొద్దు. ప్లాస్టిక్ తాడు అసలు వద్దు, లైటుకు మెరుస్తుంది.

కోస్గి ఆడబిడ్డ
సార్, ఈ ఆదివారం అమ్మానాయినలను తీసుకొని నల్లగొండ వస్తున్నా. పట్టుకోవడం ఎట్లాగో రాసి చెప్తే రాదు. బొటనవేలు లోపలికి పెడితే తాడు కోసుకుపోతుంది, అమ్మ ముందే చెప్పమంది. మేడంకు చేతులకు కొబ్బరి నూనె రాసుకోమనండి. మంచం కూడా తెస్తున్నాం, అదే మంచం. తమ్ముడు ట్రాలీ ఆటో మాట్లాడాడు.

పానగల్ మాస్టారు
నిన్న వచ్చారు. బడి వరండాలో మంచం వేశాం. ఒక కోడు విరిగితే ఎప్పుడో వేప కర్రతో మార్చారట, అది మాత్రం వేరే రంగులో ఉంది.

పెద్దాయన మంచం చూపించడానికి ముందు కాసేపు సిగ్గుపడ్డాడు, మేం ఎనిమిది మందిమి చుట్టూ నిలబడ్డాం కదా. ఆమె “జర దూరం జరుగుండ్రి” అని మమ్మల్ని వెనక్కి పంపి తాడు దగ్గర కూర్చుంది. ఆయన కాలు పట్టెకు పెట్టాడు. మేం రాసుకున్న “గుంజు” అనే మాట ఆమె అనలేదు. అసలు ఇద్దరిలో ఎవరూ ఏమీ అనలేదు. ఆయన గుంజేముందు కొంచెం ఊపిరి పీలుస్తాడు, ఆ ఊపిరికే ఆమె చేతులు బిగుస్తున్నాయి. నా భార్య అది నాకంటే ముందు చూసింది. నా మోచేతిని తట్టి, “మాటలు తీసెయ్” అంది.

మొదటి సీనులో ఉంచుతున్నాం, కొత్త జంట కాబట్టి వాళ్లకు చెప్పుకోవాల్సి వస్తుంది. రెండో సీనులో సగం తీసేశాం. నాలుగో సీను నుంచి మొత్తం తీసేశాం.

తర్వాత ఆమె నా భార్యను తన జాగాలో కూర్చోబెట్టింది. పెద్దాయన గుంజాడు, తాడు జారిపోయింది. మళ్లీ గుంజాడు, మళ్లీ జారింది. మూడోసారి నన్ను ఆయన జాగాలోకి రమ్మంది. మేమిద్దరం గంటన్నర కూర్చున్నాం. నా భార్య అరచేతులు ఎర్రగా కమిలిపోయాయి, ఆగుదామంటే ఒప్పుకోలేదు.

ఆటో ఎక్కేటప్పుడు మంచం మాకే వదిలేసి పోతామన్నారు, నాటకం అయిపోయేదాకా. వద్దన్నాను, ఇంట్లో దేని మీద పడుకుంటారని. పెద్దాయన చెప్పిన మాట, “ఇప్పుడు ఇంట్లనే ఉంటున్న గద సారూ, ఇంకోటి అల్లుకుంటం.”

వింగ్ తమ్ముడూ, శనివారం మైకు తీసుకొని రాగలవా? కిర్రుమనే చప్పుడు వేప కోడు దిక్కు ఎక్కువగా వస్తోంది, మైకు అటు పెట్టాలేమో చూడాలి.